థీమ్ ముందా, సినిమా ముందా? ఫిల్మ్ స్టడీస్ ప్రాజెక్టులపై చర్చ

షాట్‌లెక్క: 3000 పదాల ప్రాజెక్టుకు ముందే థీమ్ అనుకుని, దానికి సరిపడే సినిమాలు వెతకడం తప్పని నా వాదన. "సినిమాల్లో స్త్రీ పాత్రలు" అని మొదలుపెడితే చివరికి మిగిలేది కథ చెప్పడమే. అంత వెడల్పాటి మాటకు ఏ సీనైనా సాక్ష్యంగా సరిపోతుంది. ముందు సినిమా చూడండి. ఆమె మాట్లాడుతున్నంతసేపూ కెమెరా వినేవాడి ముఖం మీదే ఎందుకుంది? ఇలా కంటికి తట్టినదే గట్టి థీమ్.

తెరవెనుక: ఒప్పుకోనండీ. సినిమా ముందంటే ఎవరైనా తమకు నచ్చిన సినిమానే పట్టుకుంటారు, రాసేది అభిమాని వ్యాసం అవుతుంది. పైగా "చూపు ఎవరిది" అని మీకు తట్టడానికి సినిమా ఆడదాన్ని మగవాడి చూపుతోనే చూపిస్తుందని వాదించిన సినీ సిద్ధాంతకర్త లారా మల్వీ వ్యాసం (1975లో అచ్చయింది) లాంటివి వెనక ఉన్నాయి కదా.

షాట్‌లెక్క: అది నిజమే. కానీ ఆవిడ ప్రధానంగా విశ్లేషించింది పాత హాలీవుడ్ సినిమాని. ఆ వాదనను కనిపించిన ప్రతి సినిమాకీ అతికిస్తే జవాబు ముందే తెలిసిపోతుంది. "కాదు" అనే జవాబుకి చోటులేని ప్రశ్న మీద పరిశోధన ఏముంటుంది?

కత్తెర: ఇద్దరూ ఒక పట్టిక వేసి చూడండి. రెండు సినిమాలు, ఒక్కోదాంట్లో 5 నిమిషాల సీన్లు రెండేసి. గళ్లు: షాట్ నంబరు, నిడివి, క్లోజప్పా లాంగా, మాట్లాడేదెవరు, కనిపించేదెవరు. చివరి రెండు గళ్లూ పదేపదే కలవకపోతే అక్కడ ప్రశ్న ఉన్నట్టే. సగటు నిడివిని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 300 సెకన్లలో 60 షాట్లుంటే సగటు 5 సెకన్లు. అందులో ఒక్కటే 120 సెకన్లదైతే మిగతా 59 షాట్ల సగటు దాదాపు 3. అంటే ఆ సీను నిజానికి చాలా వేగంగా కోసినది. మధ్యస్థం (నిడివులను వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యన వచ్చేది) కూడా లెక్కకట్టాలి.

తెరవెనుక: లెక్క కారణం చెప్పదు కదండీ. హిచ్‌కాక్ "రోప్" (1948)లో షాట్లు చాలా పొడవు. అయితే 35 ఎం.ఎం. కెమెరాలో వెయ్యి అడుగుల ఫిల్మ్ సుమారు 11 నిమిషాలకు అయిపోతుంది, టేక్ అంతకుమించి సాగదు. ఇది చదవనివాళ్లు యంత్రం గీసిన గీతను దర్శకుడి శైలి అని రాసేస్తారు. అందుకే చదువు ముందు అంటున్నాను.

షాట్‌లెక్క: ఆ చదువు కావాలి, కాదనను. ప్రశ్న పుట్టాక చదివితే ఏం వెతకాలో తెలుస్తుంది. అంతవరకే నా పట్టు.

కత్తెర: పట్టిక మొదలెట్టే ముందు కాపీ చూసుకోండి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములకు పరిగెత్తించిన పాల్ (PAL అనే టీవీ పద్ధతి) డీవీడీలో 100 నిమిషాల సినిమా 96కే ముగుస్తుంది. రెండు సినిమాల్లో ఒకటి అలాంటిదైతే నిడివి పోలికంతా తప్పుతుంది.