ఇంటి నుంచి పనిచేస్తున్న సంగతి ఇంటి బీమా సంస్థకు చెప్పాలా, అక్కర్లేదా?

కృష్ణాతీరం

సభ్యులందరికీ నమస్కారం. మాది విజయవాడలో సొంత ఫ్లాటు. కరోనా కాలంలో, 2020లో మొదలైన ఇంటి నుంచి పని నాకు ఇప్పటికీ కొనసాగుతోంది. హైదరాబాదులోని మా కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, ఒక మానిటరు నా గదిలో ఉన్నాయి. బల్ల, కుర్చీ, ఇన్వర్టరు, రెండో మానిటరు నేను కొనుక్కున్నవి. రెండేళ్లుగా నా భార్య సాయంత్రం పూట హాల్లో పదిమంది పిల్లలకు లెక్కల ట్యూషను చెబుతోంది, అందుకోసం ఒక ప్రొజెక్టరు కూడా కొంది. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ ఉంది, వచ్చే నెలలో రెన్యువల్ చేయించాలి. ఈ వివరాలన్నీ ఈసారి రాసి ఇద్దామంటే ఏజెంటుగారు "ఇల్లు ఇల్లేనండీ, లేనిపోనివి రాస్తే వాళ్లకు లేనిపోని అనుమానాలు వస్తాయి" అంటున్నారు. రాయకపోతే క్లెయిము నాడు దాన్నే సాకుగా చూపిస్తారని మా బావగారు పట్టుబడుతున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచెత్తడం దగ్గరుండి చూసినవాళ్లం కాబట్టి నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నిదానం

నా అభిప్రాయంలో మీ ఏజెంటుగారి మాటే సరైనది. బీమా ఒప్పందంలో మనం దాచకూడనిది నష్టభయాన్ని పెంచే విషయాన్ని, అంతేగాని మన జీవనక్రమం మొత్తాన్ని కాదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పనిచేసే మనిషి వల్ల ఇంటికి కొత్తగా వచ్చే ప్రమాదం ఏముంది? పగలంతా తాళం వేసి ఉండే ఇంటికంటే మనిషి మెలిగే ఇల్లే పదిలం. గ్యాసు వాసన వస్తే వెంటనే తెలుస్తుంది, పైపు పగిలి నీళ్లు కారితే ఆ క్షణంలోనే వాల్వు కట్టేయవచ్చు, దొంగ కూడా మనిషి అలికిడి ఉన్న ఇంటి జోలికి రావడానికి జంకుతాడు. అలాంటప్పుడు అడగని సంగతులు మనంతట మనం రాసి, నివాసాన్ని వ్యాపారస్థలంగా పరిగణించే అవకాశం వాళ్లకు ఎందుకివ్వాలి? మా వీధిలో ఒకాయన ఇలాగే అతిజాగ్రత్తకు పోయి దరఖాస్తులో "ఆఫీసు" అనే మాట వాడారు. అది నివాసమేనని నిరూపించుకోవడానికి నెల రోజులు కాగితాల చుట్టూ తిరగవలసి వచ్చింది.

పాత సర్వేయరు

క్లెయిము వచ్చినప్పుడు ఆస్తి నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరుగా చాలాకాలం పనిచేసి విరమించుకున్నవాణ్ణి కాబట్టి ఒక సవరణ చెప్పదలచుకున్నాను. నిదానంగారి వాదన కట్టడం విషయంలో నిలుస్తుంది, సామాన్ల విషయంలో నిలవదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడుకోవడం వల్లనే గందరగోళమంతా వస్తోంది.

భారత్ గృహ రక్ష అనేది 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ తప్పనిసరిగా అమ్మవలసిందిగా బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక పాలసీ. యజమాని కుటుంబంతో కాపురముంటూ అదే ఇంట్లో స్వయం ఉపాధితో జీవనం సాగిస్తున్నా, ఆ కట్టడాన్ని నివాసంగానే చూడాలని దాని పాఠంలోనే ఉంది. కాబట్టి హాల్లో ట్యూషను చెప్పినంత మాత్రాన గోడలకు, శ్లాబుకు రక్షణ పోతుందని కృష్ణాతీరంగారు భయపడనక్కర్లేదు.

సామాన్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ప్రత్యేకంగా జాబితా ఇవ్వకపోయినా కట్టడం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు సామాన్లకు దానంతట అదే రక్షణ వస్తుంది. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. కట్టడం విలువ అంటే ఫ్లాటు అమ్మకం ధర కాదు, కార్పెట్ ఏరియాను (ఇంటి లోపలి నేల కొలతను) నిర్మాణ ఖర్చుతో గుణిస్తే వచ్చే మొత్తం. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగుకు 2,500 రూపాయల చొప్పున వేసుకుంటే కట్టడానికి 25 లక్షలు, సామాన్లకు 5 లక్షలు వస్తాయి. ఆ 5 లక్షలు కూడా "గృహ వినియోగ" వస్తువులకు ఉద్దేశించినవి. మీ భార్యగారు పాఠం చెప్పడానికి కొన్న ప్రొజెక్టరు గృహ వినియోగమా, జీవనోపాధి సాధనమా అని క్లెయిము నాడు ప్రశ్న వస్తే, దానికి జవాబు రాయవలసినవాడు నాలాంటి సర్వేయరు. నేను ఇంటికి వెళ్లగానే మొదట అడిగే కాగితాల్లో కరెంటు బిల్లు ఒకటి. అది గృహ కేటగిరీలో ఉందా, వాణిజ్య కేటగిరీలో ఉందా అని చూసేవాణ్ణి. మీరు ముందుగా రాసి ఇచ్చిన ఉత్తరం ఫైలులో ఉంటే నా పనీ సులువయ్యేది, మీ డబ్బూ త్వరగా వచ్చేది.

సూదీదారం

సర్వేయరుగారు చెప్పినది నా జీవితంలో జరిగింది కాబట్టి రాస్తున్నాను. మాది రాజమహేంద్రవరం. వీధివైపు గదిలో మూడు కుట్టుమిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను పెట్టుకుని పదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. శ్రావణమాసం ముందు రోజులవి. ఆరు పట్టుచీరలు ఫాల్స్ వేసి కుచ్చులు కట్టడానికి వచ్చి ఉన్నాయి, కుట్టి పెట్టిన జాకెట్లు ఇరవై పైగా ఉన్నాయి. రాత్రి ఓవర్‌లాక్ మిషను ప్లగ్గు తీయడం మరిచిపోయాను. మోటారు కాలి, కింద ఉన్న గుడ్డముక్కలకు నిప్పంటుకుంది. మేము లేచేసరికి బీరువా తలుపు మీద పెయింటు బుడగలు బుడగలుగా లేచింది. పైన పెట్టిన చీర మొత్తం బూడిదైపోగా అంచు జరీ మాత్రం నల్లటి తీగలా మిగిలింది.

బీమా సంస్థ గోడలకు, సీలింగుకు, మంచానికి, బీరువాకు డబ్బు ఇచ్చింది, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కుట్టుమిషన్లు గృహ వినియోగ వస్తువులు కావన్నారు. ఓవర్‌లాక్ మిషను తనలో తానే షార్టు సర్క్యూటు అయి కాలింది కాబట్టి ఎలాగూ రాదన్నారు. చీరలు నావి కావు కాబట్టి వాటి ఊసే వద్దన్నారు. ఆ ఆరుగురికీ ఏడాది పొడుగునా వాయిదాల మీద సొమ్ము తిరిగి ఇచ్చుకున్నాను. పాలసీ తీసుకున్న రోజున "మీరు ఇంట్లో ఏం పని చేస్తారమ్మా" అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే మిషన్లకు, నా దగ్గర ఉంచిన ఇతరుల సరుకుకు వేరే పాలసీ తీసుకోమని ఎవరో ఒకరు చెప్పేవారు కదా అన్నదే నా బాధ. నిదానంగారూ, అడగలేదు కాబట్టి చెప్పనక్కర్లేదనే మాట నా విషయంలో ఎంత ఖరీదైందో దయచేసి గమనించండి.

నిదానం

అమ్మా, మీకు జరిగిన నష్టానికి నిజంగా బాధపడుతున్నాను. ఇంట్లో సరుకు ఉంచుకునేవారు, ఇతరుల వస్తువులు తమ దగ్గర పెట్టుకునేవారు చెప్పి తీరాలని ఒప్పుకుంటున్నాను, నా మొదటి మాటను అంతవరకు సరిచేసుకుంటున్నాను. అయితే ఉద్యోగి విషయంలో నా వాదన మారలేదు. కృష్ణాతీరంగారి ల్యాప్‌టాప్ కంపెనీ సొత్తు. దానిమీద ఆయనకు యాజమాన్యం లేనప్పుడు తన ఇంటి పాలసీలో చేర్చమని కోరడమే సరికాదు. తన పరికరాలను ఉద్యోగి ఇంట్లో పెట్టి పని చేయించుకుంటూ, ఆఫీసు అద్దె, కరెంటు ఖర్చు మిగుల్చుకుంటున్న కంపెనీ, ఆ పరికరాలు ఎక్కడున్నా వర్తించే ఎలక్ట్రానిక్ పరికరాల బీమా తీసుకోవడం న్యాయం. ఆ భారాన్ని కూడా ఉద్యోగి ఇంటి పాలసీ మీదికి నెట్టడాన్ని నేను ఒప్పుకోను.

మియాపూర్ అద్దె ఇల్లు

న్యాయం మీరన్నట్టే ఉండాలి, కాని ఉద్యోగంలో చేరిన రోజున మనం సంతకం పెట్టే కాగితంలో ఏముందో కూడా చూసుకోవాలి. నేను పనిచేసే చోట, పరికరం పోయినా పాడైనా దాని మిగిలిన విలువను జీతంలో పట్టుకుంటామని రాసి ఉంది. కంపెనీకి బీమా ఉందా అని హెచ్ఆర్‌కు మెయిలు పెడితే, ఉందని, అయితే ఉద్యోగి అజాగ్రత్త వల్ల జరిగిన నష్టానికి వర్తించదని జవాబు వచ్చింది. అజాగ్రత్త అంటే ఏమిటో నిర్ణయించేది కూడా వాళ్లే.

ఇంకో ముఖ్యమైన సంగతి ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. ఇంటి నుంచి పనిచేసేవారికి వరద భయం కంటే దొంగ భయమే ఎక్కువ. కాని భారత్ గృహ రక్షలో మామూలు దొంగతనానికి రక్షణ లేదు. అగ్నిప్రమాదమో, వరదో, అల్లర్లో జరిగిన తర్వాత ఏడు రోజుల లోపు, ఆ ఘటన కారణంగా జరిగిన దొంగతనానికే వర్తిస్తుంది. సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు తాళం పగలగొట్టి కంప్యూటరు ఎత్తుకుపోతే ఈ పాలసీ కింద ఏమీ రాదు. దానికి బర్గలరీ కవరు, అంటే ఇల్లు పగలగొట్టి చేసే దొంగతనానికి రక్షణ, విడిగా కొనాలి, లేదా అది కలిసి ఉన్న ప్యాకేజీ పాలసీ తీసుకోవాలి. నేను అద్దెకున్నవాణ్ణి కాబట్టి కట్టడంతో నాకు పని లేదు, సామాన్లకు మాత్రమే పాలసీ తీసుకుని దానికి బర్గలరీ జోడించాను. అద్దె ఇంటికి బీమా ఏమిటని మా ఓనరుగారే ఆశ్చర్యపోయారు.

పాత సర్వేయరు

చివరి సభ్యులు చెప్పినది అక్షరాలా నిజం. దానికి మరికొన్ని మాటలు చేరుస్తాను. వోల్టేజీ ఒక్కసారిగా పెరిగి కంప్యూటరు కాలితే, ఆ కాలిన పరికరానికి ఈ పాలసీలో డబ్బు రాదు, దాని నుంచి మంట వ్యాపించి ఇతర వస్తువులు కాలితే వాటికి వస్తుంది. పరికరానికే కావాలంటే ఎలక్ట్రానిక్ పరికరాల కవరు వేరుగా ఉండాలి. పని ఆగిపోయి పోయిన ఆదాయం కూడా ఇందులో రాదు. ట్యూషనుకు వచ్చిన పిల్లవాడు మెట్ల మీద జారిపడితే, దానికి సంబంధించిన బాధ్యత బీమా ఇంకో కవరు. ఇవన్నీ కొనమని నేను అనడం లేదు, ఏది లేదో తెలుసుకుని ఉండమంటున్నాను.

నిదానంగారి వీధిలో ఆయన చేసిన పొరపాటు చెప్పడం కాదు, "ఆఫీసు" అనే ఒక్క మాటతో సరిపెట్టడం. ఉత్తరంలో ఎవరు, ఏ గదిలో, ఏ పని చేస్తారు, ఎంతమంది వస్తారు, సరుకు నిల్వ ఉందా లేదా అన్నది నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాసి, జవాబు రాతపూర్వకంగా కోరాలి. ఏజెంటు నోటిమాట ఫైలులోకి ఎక్కదు. రేపు సంస్థ అన్యాయంగా క్లెయిమును తిరస్కరిస్తే, ముందు సంస్థకే ఫిర్యాదు ఇచ్చి, నెలలోగా సరైన జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులను విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది, 50 లక్షల వరకు వివాదాలు రుసుము లేకుండా వింటారు. అక్కడ మీ తరఫున మాట్లాడేది ఆ ఉత్తరమే.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజే ఉత్తరం రాశాను. నా ఉద్యోగం, నా భార్య ట్యూషను, పిల్లల సంఖ్య, ఇంట్లో సరుకు ఏదీ లేదన్న సంగతి అందులో పెట్టి, ప్రొజెక్టరుకు, నా సొంత మానిటరుకు బిల్లుల నకళ్లు జతచేశాను. ఏజెంటుగారి చేతికి ఇవ్వకుండా బ్రాంచి కార్యాలయానికి మెయిలు పెట్టి, అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో కూడా పంపాను. కంపెనీ ల్యాప్‌టాప్ గురించి హెచ్ఆర్‌ను అడిగాను, జవాబు ఇంకా రాలేదు. బర్గలరీ కవరుకు ఎంత అవుతుందో రెండు సంస్థల దగ్గర కనుక్కుంటున్నాను. సూదీదారంగారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఒక మాట అడుగుతాను: ఇప్పుడు మిషన్లకు, కస్టమర్ల చీరలకు ఏ రకం పాలసీ తీసుకున్నారు? మా పక్క ఫ్లాటులో ఒకావిడ మగ్గం వర్కు చేస్తారు, ఆవిడ గదిలో ఎప్పుడూ పదిమంది చీరలు ఉంటాయి.

సూదీదారం

అభ్యంతరమేమీ లేదండీ. చిన్న దుకాణాల కోసం ఉన్న ప్యాకేజీ పాలసీ తీసుకున్నాను. ఇతరుల సరుకును నా సంరక్షణలో ఉన్నదిగా అందులో ప్రత్యేకంగా రాయించుకున్నాను, అలా రాయించకపోతే రాదు. ఏ చీర ఎవరిది, విలువ ఎంత అని ఒక పుస్తకంలో రాసి, తెచ్చినవారి చేత సంతకం చేయించుకుంటున్నాను. మీ పక్కింటావిడను పాలసీ కంటే ముందు ఆ పుస్తకం మొదలుపెట్టమని చెప్పండి.