ఇంగ్లీషు కాలపు మాటల్ని డేనిష్‌లోకి మారుస్తుంటే అన్నీ తారుమారవుతున్నాయి, దారి చెప్పండి

ఉయ్యాలగది, ఒడెన్సె

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒక వోగెస్టూలో సహాయకురాలిగా చేరి ఎనిమిది నెలలైంది. మూడేళ్లు నిండని పిల్లలు మా దగ్గర ఉంటారు. వారానికి రెండు సాయంత్రాలు డేనిష్ తరగతికి వెళ్తున్నాను, మూడో మాడ్యూల్ నడుస్తోంది.

తల్లిదండ్రులతో మాట్లాడుకునే ఔలా అనే యాప్‌లో వాళ్లకు చిన్న సందేశాలు రాసే పని ఈమధ్యే నాకూ ఇచ్చారు. నాకు ఇష్టమైన పని, బాగా చెయ్యాలని ఉంది. ముందు ఇంగ్లీషులో వాక్యం అనుకుని, తర్వాత ఒక్కో మాటనీ డేనిష్‌లో పెడతాను. తిండి, నిద్ర, ఆటల గురించి రాస్తే ఎవరూ ఏమీ అనరు. కాలం మాట వచ్చిందంటే మాత్రం తప్పు పడుతోంది.

మొన్న ఫొటోలు 'ఇన్ యాన్ అవర్' పంపుతాం అని చెప్పాలనుకుని 'ఇ ఎన్ టీమె' అని రాశాను. గంటసేపు పంపుతూనే ఉంటారా అని ఒక తల్లి అడిగింది. అది చిన్నదే. దాని ముందుది చిన్నది కాదు. అడవికి షికారు 'నెక్స్ట్ ఫ్రైడే' అని మనసులో పెట్టుకుని 'నెస్టె ఫ్రేడా' అని రాశాను. ఇద్దరు పిల్లలు వారం ముందే వానబట్టలు వేసుకుని, మాద్‌పాకె, అంటే ఇంట్లో సర్దిన తిండి డబ్బా, చేతపట్టుకుని వచ్చేశారు. అందులో ఒక పాప మధ్యాహ్నం దాకా ఆ డబ్బా కింద పెట్టలేదు. ఆ మొహం ఇంకా నా కళ్ల ముందే ఉంది.

'ఇన్', 'ఫర్', 'టునైట్', 'దిస్ మార్నింగ్', 'హాఫ్ త్రీ', 'వెన్', ఇవన్నీ డేనిష్‌లో ఎలా చెప్తారు? 'ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్' లాంటి నుడికారాలకు కూడా అక్కడ ఏదో ఒకటి ఉండే ఉంటుందిగా?

తెల్లవారు బస్సు, ఆర్హుస్

అమ్మా, మీ ప్రశ్న చదివితే నా మొదటి చలికాలం గుర్తొచ్చింది. ఇంగ్లండులో నాలుగేళ్లు ఉండి 2011లో ఇక్కడికి వచ్చాను. బస్సు డ్రైవరుగా చేరిన రెండో వారంలో, డ్యూటీలు వేసే ఆయన ఫోన్ చేసి రేపు 'హల్ ఫెమ్'కి రమ్మన్నాడు. ఇంగ్లండులో 'హాఫ్ ఫైవ్' అంటే ఐదున్నర. నేను ఐదున్నరకే గేటు దగ్గరికి చేరాను. ఆయన చెప్పింది నాలుగున్నర. అప్పటికి నా బస్సుకి ఇంకొకరిని వెతికి పంపారు, అదీ ఆలస్యంగా. ఆ చలిలో స్టాపుల్లో నిలబడినవాళ్లు నా మూలంగానే నిలబడ్డారన్నది చాలాకాలం నన్ను వదల్లేదు.

అప్పటినుంచి నేను ఒకటే పట్టుకున్నాను. కాలం విషయంలో మధ్యలో ఇంగ్లీషుని రానివ్వను, తెలుగు నుంచి నేరుగా డేనిష్‌లోకి వెళ్తాను. ఇంగ్లీషులో లేని మాటలు ఈ రెండు భాషల్లోనూ ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లు 'ద డే బిఫోర్ యెస్టర్డే' అని నాలుగు మాటలు పేర్చాలి. మనకి 'మొన్న', డేనిష్‌లో 'ఇ ఫోర్గోర్స్'. మనకి 'ఎల్లుండి', వాళ్లకి 'ఇ ఓవర్‌మోర్న్'. 'నిరుడు' అంటే 'ఇ ఫ్యోర్', అయితే ఇది కాస్త పాత వాసన వేస్తుంది, ఎక్కువమంది 'సిస్టె ఓర్' అంటారు. 'పావుగంట' అంటే 'ఎట్ క్వార్టేర్', 'ముప్పావుగంట' అంటే 'ట్రే క్వార్టేర్', 'గంటన్నర' అంటే 'హలానెన్ టీమె'. 'రెప్పపాటు'కి 'ఒయెబ్లిక్', అందులోనూ ఉన్నది కన్నూ, చూపూ. 'పక్షం రోజులు' అంటే 'ఫ్యోర్టెన్ డాయె', అక్షరాలా పద్నాలుగు రోజులు. ఇవన్నీ నాకు ఒక్క వారంలో వంటబట్టాయి. ఇంగ్లీషు మీదుగా వచ్చి ఉంటే ఇంకా తడుముకుంటూ ఉండేవాణ్ణి.

గంట సంగతి మరీ బాగుంటుంది. టైమెంత అని అడగాలంటే 'వా ఎర్ క్లొకెన్' అంటారు. క్లొకె అంటే మోగే గంట. మనం 'ఎన్ని గంటలైంది' అన్నప్పుడూ ఆ గంటే కదా! అరవై నిమిషాల గంటకి మాత్రం వాళ్లకి వేరే మాట ఉంది, 'టీమె'. దాని అక్షరాలు అచ్చం ఇంగ్లీషు 'టైమ్' లాగే ఉంటాయి, అక్కడే కాలు జారేది. ఇంగ్లీషు 'టైమ్' ఇక్కడ మూడు ముక్కలవుతుంది. ఊరికే కాలమైతే 'టీద్', మూడుసార్లు అన్నప్పటి 'సారి' అయితే 'గాంగ్', గడియారంలోది 'క్లొకెన్'. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కూడా 'టీద్'.

ఇక 'హల్'. ఇక్కడ తెలుగు 'న్నర' పనికిరాదు. కానీ మీ దగ్గరే ఒక కొలత ఉంది. పాపకి మూడో ఏడు నడుస్తోంది అంటే రెండు నిండాయనేగా అర్థం. 'హల్ ట్రే' అంటే మూడో గంట సగం నడిచింది అని, అంటే రెండున్నర. నేను గంటని పిల్లలాగా, దాని వయసు లెక్కలాగా అనుకోవడం మొదలుపెట్టాక మళ్లీ తప్పలేదు. పక్కనున్న నిమిషాలూ ఆ సగం చుట్టూనే తిరుగుతాయి. 'ఫెమ్ ఇ హల్ ట్రే' అంటే రెండుంపావు దాటాక వచ్చే రెండూ ఇరవై ఐదు, 'ఫెమ్ ఓవర్ హల్ ట్రే' అంటే రెండూ ముప్పై ఐదు. యాభైని 'హల్‌ట్రెస్' అనడం వెనకా ఇదే లెక్క. ఆ మాట పూర్తి రూపానికి అర్థం రెండున్నర సార్లు ఇరవై. డెబ్భై మూడున్నర ఇరవైలు, తొంభై నాలుగున్నర ఇరవైలు. ఒకటి అర్థమైతే రెండోదీ దారికొస్తుంది. సందేశంలో మాత్రం అంకెలు వేసెయ్యండి, వాళ్లు రాసినట్టే మధ్యలో చుక్క పెట్టి 14.30 అని.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన 'ఇన్', 'ఫర్' గురించి. ఇంగ్లీషు 'ఇన్'ని చూడగానే డేనిష్ 'ఇ' పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. 'సేపు' గానీ 'పాటు' గానీ అతికే చోటే 'ఇ'. గంటసేపు పడుకున్నాడు, మూడు రోజుల పాటు జ్వరం, ఇవి 'ఇ'. ఇంకో గంటకి పంపుతాం అన్నప్పుడు 'ఓమ్ ఎన్ టీమె'. గంట క్రితం అంటే 'ఫో ఎన్ టీమె సీదెన్', ముందొకటి వెనకొకటి. ఇంగ్లీషు 'ఫర్' లాంటి మాట అక్కడ 'క్రితం'లోకి వెళ్లింది, ఇంగ్లీషు 'ఇన్' లాంటిదేమో 'సేపు'లోకి వెళ్లింది. ఇన్ని అడ్డదిడ్డాలు ఉన్నప్పుడు ఇంగ్లీషులో అనుకుని రాస్తే తప్పు రాక ఏమొస్తుంది!

ఇక్కడ తెలుగుని కూడా గుడ్డిగా నమ్మకూడదు. 'గంటలో వస్తాను', 'గంటలో తినేశాడు', రెంటికీ మనం 'లో' వాడతాం. వాళ్లు విడదీస్తారు. పని అంతలోపే పూర్తయింది అన్నప్పుడు 'పో ఎన్ టీమె'. రోమ్ ఒక్కరోజులో కట్టింది కాదు అనే సామెత వాళ్లకీ ఉంది, అందులో 'పో ఎన్ డా' అనే అంటారు. నాకు ఆ సామెతే గుర్తు.

రాత్రి కూడా అంతే. మనం రాత్రి ఎనిమిదింటికి అంటాం. ఇక్కడ ఎనిమిది ఇంకా 'ఆఫ్టెన్', అంటే సాయంత్రం. అందరూ పడుకునే వేళ అయితేనే 'న్యాట్'. కాబట్టి 'టునైట్' చాలాసార్లు 'ఇ ఆఫ్టెన్' అవుతుంది. 'ఇ న్యాట్' అంటే ఈ రాబోయే రాత్రి కావచ్చు, గడిచిన రాత్రీ కావచ్చు, క్రియ చూసి తెలుసుకోవాల్సిందే. 'రోజు' కూడా రెండుగా చీలుతుంది. పగలు ఉన్న రోజు 'డా', రాత్రితో కలిసిన ఇరవై నాలుగు గంటలు 'డొయిన్'. మన పంచాంగంలో అహోరాత్రం అంటారే, అదే. జ్వరం తగ్గాక ఒక డొయిన్ ఇంట్లో ఉంచండి అని రాస్తే తల్లిదండ్రులకు ఏ సందేహమూ ఉండదు.

గడిచినదానికి చివర ఒక 'స్' తగులుతుంది, చూడండి. 'ఇ మోర్న్' అంటే రేపు, 'ఇ మోర్స్' అంటే ఈ పొద్దున, గడిచిపోయింది. 'ఇ ఆఫ్టెస్' నిన్న సాయంత్రం. 'ఇ ఫ్రేడాస్' పోయిన శుక్రవారం. 'ఇ సొమ్మెర్స్' పోయిన వేసవి. రేపు పొద్దున అనాలంటే 'ఇ మోర్న్ టీలి'. రేపు అనడానికీ పొద్దున అనడానికీ ఒకటే మాట కావడంతో తలనొప్పి ఉంటుంది కొన్నాళ్లు, తర్వాత పోతుంది.

'వెన్'కి మూడున్నాయి. ప్రశ్నైతే 'వోర్‌నోర్'. ఒక్కసారి జరిగి ముగిసినదైతే 'డా'. '-నప్పుడల్లా' అనగలిగితే 'నోర్', ఇక ముందు జరగబోయేదైనా 'నోర్'. 'డెన్‌గాంగ్ డా, వేర్ గాంగ్ నోర్', అంటే ఆ ఒక్కసారికి డా, ప్రతిసారికీ నోర్ అని బళ్లో పిల్లలకే నేర్పుతారు. ఆ సందు, ఈ సందు అనకుండా బస్సులో కూర్చుని అదే పదేపదే అనుకున్నాను.

ఆల్బోర్గ్ అక్క

శుక్రవారం గురించి నేను చెప్తాను, మీరు మరీ బాధపడకండి. 'నెస్టె ఫ్రేడా' అంటే కొందరికి ఈ వచ్చే శుక్రవారం, కొందరికి దాని తర్వాతది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా ఏ శుక్రవారం అని తిరిగి అడుగుతారు. మీ డేనిష్ తప్పు కాదది, ఆ మాటే రెండు పడవల మీద ఉంటుంది.

ఈ వచ్చేదైతే 'పో ఫ్రేడా' అనండి. ఆపైదైతే 'ఫ్రేడా ఇ నెస్టె ఊయె', అంటే వచ్చే వారంలోని శుక్రవారం. ప్రతి శుక్రవారం జరిగేదానికి 'ఓమ్ ఫ్రేడేయెన్'. అన్నిటికన్నా ముఖ్యం, తేదీ వెయ్యండి, వారం నంబరు వెయ్యండి. ఇక్కడ బళ్లూ ఆఫీసులూ అన్నీ వారం నంబర్లతోనే నడుస్తాయి. ఊయె 42 అంటే ఎవరికైనా శరదృతువు సెలవులని తెలుస్తుంది, చలికాలం సెలవులు ఊయె 7 గానీ 8 గానీ. నేను వంటింట్లో వారం నంబర్లున్న క్యాలెండరు పెట్టుకున్నాకే మా పిల్లాడి బడి ఉత్తరాలు నాకు సరిగ్గా అర్థమయ్యాయి.

రెండు గురువారాలు, కోపెన్‌హాగెన్

నుడికారాలు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను.

'ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్'కి 'ఇ గ్రేవెన్స్ టీద్', అక్షరాలా కౌంటు గారి కాలంలో. వాన మొదలయ్యే ముందు పిల్లలందరినీ లోపలికి తీసుకొచ్చాం అని రాసేటప్పుడు చక్కగా సరిపోతుంది. 'ఎట్ ది ఎలెవెంత్ అవర్'కి 'ఇ ఎల్‌ఫ్టె టీమె', ఇది బైబిల్ నుంచి రెండు భాషల్లోకీ వచ్చింది కాబట్టి మాటకు మాట కుదురుతుంది. రెండూ ఒకటి కావు నా లెక్కన. కౌంటు గారిది ఊపిరి పీల్చుకున్న మాట, పదకొండో గంట గుండె దడ ఉన్న మాట. 'అరౌండ్ ద క్లాక్' అనాలంటే గడియారం రాదు, 'డొయ్‌నెట్ రున్ట్' అంటారు, అహోరాత్రం చుట్టూ.

ముందు లేచిన పిట్టకే పురుగు అనే ఇంగ్లీషు సామెతలోని పిట్ట ఇక్కడ లేదు. 'మోర్న్‌స్టున్ హార్ గుల్ ఇ మున్' అంటారు, తెల్లవారు ఘడియ నోట్లో బంగారం ఉంటుందని. ఎన్నటికీ జరగదు అని చెప్పడానికి నా పేరు చూడండి, ఒకే వారంలో రెండు గురువారాలు వచ్చిన రోజున అంటారు. విన్నరోజే దాన్ని నా పేరు చేసుకున్నాను, అంత నచ్చింది.

ఇంగ్లీషులో లేనిది ఒకటి తప్పక నేర్చుకోండి. 'టాక్ ఫో సిస్ట్'. ఎవరితోనైనా కిందటిసారి కలిసి గడిపి ఉంటే, మళ్లీ కలిసినప్పుడు మొదట అనే మాట, కిందటిసారికి కృతజ్ఞతలు అని. తల్లిదండ్రులతో ఏదైనా వేడుకలో కూర్చుని ఉంటే సోమవారం పొద్దున గుమ్మం దగ్గర ఈ మాట అనండి.

ఉయ్యాలగది, ఒడెన్సె

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మూడో ఏడు నడిచే పాప లెక్క మధ్యాహ్నమంతా మనసులో తిప్పుకున్నాను. మా దగ్గర ఒక బాబుని తీసుకెళ్లడానికి తాతగారు 'హల్ ఫీరె'కి వస్తానన్నారు, మూడున్నరకి బాబుకి బూట్లు తొడిగి సిద్ధంగా ఉంచాను. ఆయన అప్పుడే వచ్చారు.

షికారు సందేశం మళ్లీ రాశాను, పంపే ముందు ఒకసారి చూడండి: "వి టేయర్ ఇ స్కోవెన్ ఫ్రేడా డెన్ 22. మాయ్, ఊయె 21. వి గోర్ క్లొకెన్ 9.30 ఓ ఎర్ టిల్‌బేయె క్లొకెన్ 14.30. వి సెన్నర్ బిలెదర్ ఫ్రేడా ఆఫ్టెన్." అడవికి శుక్రవారం 22 మే, 21వ వారంలో వెళ్తున్నాం, తొమ్మిదిన్నరకి బయల్దేరి రెండున్నరకి తిరిగొస్తాం, ఫొటోలు శుక్రవారం సాయంత్రం పంపుతాం అని నా ఉద్దేశం.

తెల్లవారు బస్సు, ఆర్హుస్

తప్పేమీ లేదమ్మా, ఇలాగే పంపండి. ముందురోజు, గురువారం మధ్యాహ్నం, ఇంకొక్క వాక్యం పెట్టండి చాలు: 'ఇ మోర్న్ ఎర్ డె స్కోవ్‌టూర్', రేపే అడవి షికారు అని. మాద్‌పాకె పట్టుకుని వచ్చే ఆ పాప అమ్మ దాన్ని చూసుకుని రాత్రే డబ్బా సర్ది పెడుతుంది.