జీటర్ 1993 టాప్స్ రూకీ కార్డ్, సంతకానికి "నో ఒపీనియన్" వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు డెరెక్ జీటర్ రూకీ కార్డ్ (ఆటగాడి మొదటి కార్డ్), టాప్స్ కంపెనీ 1993 సెట్‌లో 98వ నంబర్‌ది, న్యూయార్క్ యాంకీస్ జట్టు 1992లో డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) తీసుకున్నాక వచ్చింది, బ్లూ షార్పీ మార్కర్ పెన్నుతో సంతకం ఉన్నది షార్లెట్‌లో ఒక కార్డ్ షోలో కొన్నాను. అమ్మినాయన 1993లో గ్రీన్స్‌బరోలో జీటర్ మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కి కింది స్థాయి) ఆడుతున్నప్పుడు చేయించుకున్నానన్నాడు, కాగితం ముక్క కూడా లేదు, మాటే. (జీటర్ ఆ ఏడాది అక్కడ ఆడిన మాట నిజమే, అందుకే నమ్మేశా.)

అథెంటికేషన్‌కి, అంటే సంతకం అసలుదో కాదో తేల్చే కంపెనీకి పంపితే ఏడు వారాల తర్వాత నో ఒపీనియన్ (ఏమీ తేల్చలేం) అని తిరిగొచ్చింది, ఫీజు మాత్రం వెనక్కివ్వలేదు. దొంగ సంతకం అనలేదు, అసలుదనీ అనలేదు.

10ఎక్స్ లూప్‌తో (పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం) చూశా, సంతకంలో ప్రింట్ చుక్కలు లేవు, ఇంకు కార్డ్ ప్రింట్ పైనే ఉంది, అంటే పెన్నుతో చేసిందే. కానీ ఎవరు చేశారన్నది లూప్ చెప్పదు కదా. తర్వాతి కాలం సంతకాలతో పోల్చితే అస్సలు కలవట్లేదు, ఇందులో అక్షరాలు విడివిడిగా, చదవగలిగేలా ఉన్నాయి, కెరీర్ మొదట్లో అలాగే చేసేవాడని విన్నా గానీ పోల్చడానికి 1993, 94 నాటి నమ్మకమైన సంతకాలు నాకు రెండే దొరికాయి, అందులో ఒకదాంట్లో 'జె' వంపు కలిసింది, రెండోదాంట్లో కలవలేదు.

వెనక్కిస్తే డబ్బులిస్తానని అమ్మినాయన ఈ నెల 30 దాకా టైమిచ్చాడు. రెండో కంపెనీకి పంపితే ఆ గడువు దాటిపోతుంది.

ఒకచోట నో ఒపీనియన్ వచ్చిన మైనర్ లీగ్ నాటి జీటర్ సంతకం ఇంకో కంపెనీ దగ్గర పాసైన అనుభవం మీలో ఎవరికైనా ఉందా, లేకపోతే 30 లోపు వెనక్కిచ్చేయమంటారా?