మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకు?

ప్రశ్న:
మాది కర్నూలు. పన్నెండేళ్ల నాటి డీజిల్ కారులో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం తగ్గిందని చూపిస్తే, మెకానిక్ బోరునీళ్లు పోసి, "అది నీళ్లు గడ్డకట్టే చలిదేశాల వాళ్లకండీ, మనకెందుకు?" అన్నాడు. కూలెంట్ డబ్బా మీద యాంటీఫ్రీజ్ (గడ్డకట్టనివ్వనిది) అనే రాసి ఉంది కాబట్టి నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మే నెలలో హైదరాబాదు వెళ్లాలి. నీళ్లతో సరిపెట్టుకోవచ్చునా?

జవాబు 1:
పేరు వల్ల వచ్చిన చిక్కు ఇది. కూలెంట్‌లోని ముఖ్య ద్రవమైన ఇథిలీన్ గ్లైకాల్‌ను నీటితో సగానికి సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదన్నది లడఖ్ వెళ్లేవారికి పనికొచ్చే సంగతి. మనకు పనికొచ్చేది, ఆ మిశ్రమం బయటి గాలి పీడనంలోనే సుమారు 107 డిగ్రీల దాకా మరగకపోవడం; రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని పట్టి ఉంచుతుంది కనుక ఇంజన్‌లో ఆ హద్దు 120 కూడా దాటుతుంది. అంతకన్నా ముఖ్యమైనవి అందులో కలిపే తుప్పు నిరోధకాలు. బోరునీటిలో అవి ఉండవు సరికదా, వాటర్ హీటర్ రాడ్డుకు తెల్లగా పట్టే సున్నపు పొరే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది.

జవాబు 2:
అలాగని చిక్కటి కూలెంట్‌ను నీళ్లు కలపకుండా నింపకండి. వేడిని మోయడంలో గ్లైకాల్ కన్నా నీరే మేలు. నేరుగా పోసే రకం కాకపోతే, బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ఆకుపచ్చ, ఎరుపు రంగులు కంపెనీల ఇష్టమే తప్ప రకానికి గుర్తు కావు. కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన రకమే కొనండి.

జవాబు 3:
అసలు మట్టం ఎందుకు తగ్గిందో ఎవరూ అడగలేదేమిటి? అది మూసి ఉన్న వ్యవస్థ, ఊరికే తరిగిపోదు. హోస్ క్లిప్పులు, వాటర్ పంపు దగ్గర తడి ఉందేమో చూడండి. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారినా, పొగగొట్టం నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తున్నా హెడ్ గాస్కెట్‌ను (ఇంజన్ పైభాగానికీ కింది దిమ్మెకూ మధ్య ఉండే సీలును) అనుమానించాలి. ఇంజన్ వేడిగా ఉండగా మాత్రం మూత తిప్పవద్దు. తీసిన పాత ద్రవాన్ని ఆరుబయట ఉంచకండి; తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, మూత్రపిండాలు చెడి చనిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. వాటర్ పంపు కిందే తడి ఉంది. ముందు పంపు మార్పించి, బోరునీళ్లు పూర్తిగా తీయించి, ఆ తరువాతే కూలెంట్ పోయిస్తాను.