'ఫెంటాస్టిక్ ప్లానెట్' మనవాళ్లకి వేస్తే ఎక్కడ నిలుస్తారు, ఎక్కడ జారిపోతారు?

రాయగడ_రీలు:
రెనే లలూ తీసిన ఫ్రెంచ్ యానిమేషన్ సినిమా 'ఫెంటాస్టిక్ ప్లానెట్' (1973, 72 నిమిషాలు) రాయగడలో ఒక చిన్న హాల్లో వేద్దామనుకుంటున్నాం. అరవై మంది దాకా వస్తారు. సగం తెలుగువాళ్లు, సగం ఒడియావాళ్లు. ఎక్కువ మంది కాలేజీ పిల్లలు, కొందరు కుటుంబాలతో వస్తామన్నారు. సైన్స్ ఫిక్షనంటే రోబోలూ పేలుళ్లూ అనుకునేవాళ్లే ఎక్కువ. జనం ఎక్కడ విసుగుపడతారు? ముందు కథ చెప్పాలా? ఫ్రెంచ్ ఆడియో వెయ్యాలా, ఇంగ్లీషు డబ్బింగా? తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాస్తున్నాను.

బరంపురం_బొమ్మలు:
గురూ, ముందు కుటుంబాల సంగతి తేల్చుకోండి. బట్టల్లేని బొమ్మలు చాలాచోట్ల వస్తాయి, చంపుకోవడాలున్నాయి. అమెరికాలో పీజీ (పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే రేటింగు) ఇచ్చారు కదా అని ధీమా పడకండి. పన్నెండేళ్లలోపు పిల్లల్ని తేవద్దని పోస్టరు మీదే రాసెయ్యండి.

ఇక జనం సంగతి. మొదటి రెండు నిమిషాలే సగం పని చేసేస్తాయి. చంటివాణ్ని ఎత్తుకుని ఒక తల్లి పరిగెడుతుంటుంది. పైనుంచి నీలం వేళ్లు వచ్చి దారి మూస్తాయి, ఎత్తి పడేస్తాయి, ఆమె చచ్చిపోతుంది. ఆడుకుంటున్నది డ్రాగ్‌ల (మనుషుల్ని పెంపుడు జంతువుల్లా చూసే నీలం మహాకాయుల) పిల్లలని తర్వాత తెలుస్తుంది. ఆ ముక్క చూడనివాళ్లకి మిగతాదంతా వింత బొమ్మల వరసే. చెప్పిన టైముకన్నా పది నిమిషాలు ఆలస్యంగా మొదలెట్టి, మొదలయ్యాక తలుపు వేసేయండి.

మొదటి గొణుగుడు టేర్ (ఆ చంటివాడే) పెద్దవాడయ్యే చోట. చంటివాడు చూస్తుండగానే కుర్రాడైపోతాడు, వాణ్ని పెంచే డ్రాగ్ పిల్ల టివా ఇంకా చిన్నపిల్లే. 'ఇదేటి?' అంటారు. డ్రాగ్‌ల ఆయుష్షు చాలా పెద్దది, ఓమ్‌లు (అక్కడి మనుషులు) గబగబా ఎదిగిపోతారు. ఆ సంగతి చెప్పే వ్యాఖ్యానం సబ్‌టైటిల్లో కుదించకండి.

బోనులో కూర్చున్న జీవి ఒకటి ఎగిరేవాటిని పట్టి, ఆడించి, పారేసి పకపకా నవ్వుతుంది. జనమూ నవ్వుతారు, సగంలో ఆపేస్తారు. సినిమాకి కావలసిందీ అదే, కంగారు పడకండి.

ఫోన్లు వెలిగేది నడిమి భాగంలో. పార్కులో పెద్ద చెట్టు దగ్గర అడవి ఓమ్‌ల ఆచారాలు, ద్వంద్వయుద్ధాలు వస్తాయి. మాటలు తక్కువ. అలాగని ఇంటర్వెల్ ఇవ్వకండి, తర్వాత వచ్చే, ఓమ్‌లని గ్యాసుతో చంపే ఘట్టం చప్పబడిపోతుంది. చివర యుద్ధం, సంధి కొద్ది నిమిషాల్లో చుట్టేస్తారు. 'అయిపోయిందా?' అని అడుగుతారు. సినిమాలో నిజంగా ఉన్న లోపమే అది, మీరేం సర్దిచెప్పక్కర్లేదు.

కథ చెప్పకండి. బొమ్మల గురించి ఒక్క మాట చెప్పండి: కాగితం మీద గీసి, కత్తిరించి, కెమెరా కింద జరుపుతూ తీశారని. మన ఒడిశా రావణఛాయ తోలుబొమ్మలకి కీళ్లే ఉండవు, అయినా ఆట నడుస్తుంది కదా, ఇదీ అలాగే చూడమనండి. లేకపోతే 'మొహాలు కదలట్లేదు' దగ్గరే ఆగిపోతారు.

గుణుపురం_టెక్:
ఆడియో సంగతి నేను చెప్తాను. ఫ్రెంచ్ వేసి తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే ఒడియా పిల్లలకి ఏమీ మిగలదు. రెండు భాషలూ పెడితే నాలుగు వరసలు బొమ్మని మింగేస్తాయి. ఇంగ్లీషు డబ్బింగ్, కింద తెలుగు పెట్టండి. అయితే ఆ డబ్బింగ్ విని అనువదించండి. ఫ్రెంచ్ మాటల నుంచి చేస్తే వినేదీ చదివేదీ కలవదు, రెండూ తెలిసినవాళ్లు అక్కడే తగులుకుంటారు.

రెండు వరసలకి మించొద్దు, వరసకి ముప్పై అక్షరాల లోపు. ఫైలు యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే పద్ధతి) సేవ్ చెయ్యండి. కొన్ని ప్లేయర్లలో వత్తులు విడిపోతాయి, పాత టీవీల్లో ఉత్త డబ్బాలే వస్తాయి. అందుకని నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో సబ్‌టైటిల్స్‌ని వీడియోలోకే కాల్చేయండి.

టైమింగ్ ఎక్కడినుంచైనా తెచ్చుకుంటే ఫ్రేమ్ రేటు చూసుకోండి. 24 ఫ్రేముల్లో 72 నిమిషాల సినిమా 25 ఫ్రేముల డిస్కులో 69 నిమిషాలే. మొదట్లో సరిగ్గానే ఉంటుంది, చివరికి మూడు నిమిషాలు తేడా వచ్చేస్తుంది. మొదటి మాటా చివరి మాటా రెండూ పరీక్షించండి.

పర్లాకిమిడి_చర్చ:
బొమ్మల మాట కూడా ముందు చెప్పక్కర్లేదని నా అభిప్రాయం. రెండు సీన్లలో కళ్లు అలవాటు పడతాయి.

చర్చలో మాత్రం ఒకటి తప్పక వస్తుంది. ప్రాగ్‌లోని యిర్జీ త్రన్కా స్టూడియోలో తీశారు కాబట్టి ఇది 1968లో చెకోస్లొవేకియాలోకి సోవియట్ ట్యాంకులు రావడం గురించేనని ఎవరో ఒకరు అంటారు. స్టెఫాన్ వుల్ రాసిన మూలనవల 1957 నాటిది. తీసినవాళ్ల మనసులో ట్యాంకులు ఉండొచ్చు, కథ పుట్టింది మాత్రం వాటివల్ల కాదు. కోళ్లఫారాలు, పురుగుమందులు, అడవి ఖాళీ చేయించడం... మన జిల్లాల్లో మాట అటే పోతుంది, పోనివ్వండి.

రాయగడ_రీలు:
పీజీ మాట బాగా చెప్పారు, పోస్టరు మారుస్తాను. ప్రొజెక్టరు లేదు, 65 అంగుళాల టీవీ. సెట్టింగులేమైనా మార్చాలా?

గుణుపురం_టెక్:
అరవై మందికి 65 అంగుళాలు చాలదు, వెనక వరసలకి సబ్‌టైటిల్స్ ఆనవు. ప్రొజెక్టరు అద్దెకి చూడండి. కుదరకపోతే పాతిక మంది చొప్పున రెండు ఆటలు, మూడో ఆటకి మిగిలినవాళ్లు.

బొమ్మ నిష్పత్తి 1.66. పక్కల సన్నని నల్లపట్టీలు ఉండాల్సిందే. 'జూమ్' నొక్కితే డ్రాగ్‌ల తలలు తెగుతాయి. 'వివిడ్' మోడ్‌లో ఈ సినిమా బొమ్మల రూపాలు గీసిన రోలాన్ టోపోర్ గీతల నీడలన్నీ మాసిపోతాయి, 'సినిమా' మోడ్ పెట్టండి. మోషన్ స్మూతింగ్ తప్పకుండా ఆపండి. ఆపకపోతే మధ్య ఫ్రేముల్ని టీవీయే కల్పించి కాగితం బొమ్మల అంచులు అలికేస్తుంది. బహిరంగంగా వేస్తున్నారు కాబట్టి హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఇంట్లో చూసే డిస్కుకి ఆ హక్కు రాదు.