హైడ్రాంజియా వాలిపోయింది, రెండు పూటలా నీళ్లు పోస్తున్నా లేవట్లేదు

కుండీలపిచ్చి:
అందరికీ నమస్కారం. నాలుగు నెలల కింద గిఫ్టుగా వచ్చిన హైడ్రాంజియా పూలమొక్క అండి ఇది. వచ్చినప్పుడు గులాబీ రంగులో ఒక్కో గుత్తి నా రెండు చేతులకీ పట్టనంత ఉండేది, ఇప్పుడు చూస్తే ఏడుపొస్తోంది. మొదట్లో మధ్యాహ్నం వాలిపోయేది, నీళ్లు పోస్తే సాయంత్రానికి లేచేది. ఈమధ్య రెండు పూటలా పోస్తున్నా తడిగుడ్డల్లా వేలాడుతూనే ఉన్నాయి ఆకులు. కింది ఆకులు పూర్తిగా పసుపు తిరిగి రాలిపోతున్నాయి. చిగురాకులది ఇంకో రకం పసుపు, ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పాలిపోయినట్టు. కొన్నిటికి అంచులు మాడాయి, కొన్నిటి మీద ఊదారంగు మచ్చలు. ఒక్క మొక్కకి ఇన్ని రోగాలా? బలం తక్కువైందేమోనని పదిహేను రోజుల కింద గుప్పెడు ఎన్‌పీకే ఎరువు వేశాను, తర్వాత ఎప్సం సాల్ట్, మొన్న వేపనూనె కొట్టాను. ఏం చేసినా ఇంకా దిగజారుతోంది. ఇంకేం వేయమంటారు?

మట్టిచేతులు:
ఇంకేమీ వేయకండి, ముందు ఆ డబ్బాలన్నీ లోపల పెట్టేయండి. మధ్యాహ్నం వాలడం ఈ మొక్కకి అలవాటే. ఆకులు పెద్దవి, ఎండలో అవి వదిలే నీటిని వేళ్లు అంత వేగంగా అందించలేవు, మట్టి తడిగా ఉన్నా సరే వాలుతుంది, పొద్దువాలాక దానంతటదే లేస్తుంది. మీరు నీళ్లు పోయడం వల్లే లేచిందని మీరు అనుకున్నారు, అక్కడే తేడా కొట్టి ఉంటుంది. అందుకే ఎండలో చూసి ఏదీ తేల్చకూడదు. రేపు పొద్దున్నే, ఎండ తగలకముందు ఎలా ఉందో చూసి చెప్పండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి తడి ఉందో లేదో చూడండి. కుండీ ఎత్తి చూడండి, బరువుగా ఉందా? అడుగున రంధ్రాలున్నాయా?

కుండీలపిచ్చి:
ఇప్పుడే చూశాను. పొద్దున కూడా సగం వాలే ఉంది. మట్టి తడిగా ఉంది, కాస్త మురుగు వాసన కూడా వస్తోంది. కుండీకి రంధ్రాలున్నాయి గానీ దాన్ని ఇంకో పింగాణీ కుండీలో పెట్టాను అందం కోసం, దానికి రంధ్రం లేదు... పైకెత్తితే లోపల నాలుగు వేళ్ల మందాన నీళ్లు నిలిచున్నాయి. ఇదేనా?

మట్టిచేతులు:
ఇదే. వేళ్లకి నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం అండి. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిండిపోతే వేళ్లకి ఊపిరాడదు, ఆ తడిలో వేరుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలు పట్టుకుంటాయి. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి చుట్టూ నీళ్లున్నా మొక్క దాహంతో వాలుతుంది, మనం జాలిపడి ఇంకో చెంబు పోస్తాం. పైకి చూస్తే నీళ్లు లేని మొక్క, నీళ్లు ఎక్కువైన మొక్క అచ్చం ఒకేలా ఉంటాయి, తేడా మట్టిలోనే తెలుస్తుంది.

మొక్కని వేళ్ల ముద్దతో సహా బయటికి తీయండి. మంచి వేళ్లు తెల్లగా గట్టిగా ఉంటాయి. గోధుమరంగులో మెత్తగా ఉండి, చేత్తో పట్టి లాగితే పైతోలు ఊడి లోపల దారంలాంటిది మిగిలితే అది పోయినట్టే, శుభ్రమైన కత్తెరతో కత్తిరించేయండి. పాత మట్టి దులిపేసి నీరు నిలవని కొత్త మిశ్రమంలో నాటండి, మీరు వేసిన ఎరువు కూడా పాత మట్టితోనే పోతుంది. కుండీ మాత్రం పెద్దది తీసుకోవద్దు, పాత సైజుదే, వేళ్లు బాగా తగ్గిపోతే ఇంకా చిన్నది. వేళ్లు తక్కువ మట్టి ఎక్కువ అయితే మళ్లీ అదే తడి. నాటాక వెలుతురున్న నీడలో పెట్టండి. వేరు లేని మొక్కకి ఎరువు వేస్తే ఆ లవణాలకి ఆకుల అంచులు ఇంకా మాడతాయి.

పచ్చాకు:
ఇంత కంగారెందుకండీ, రోజు విడిచి రోజు నీళ్లు పోస్తే సరిపోతుంది. మా మొక్కకి అలాగే చేస్తాను, బాగానే ఉంది.

మట్టిచేతులు:
మీ కుండీకి సరిపోయిందండి, వాళ్ల కుండీ వేరు, ఎండ వేరు. లెక్క క్యాలెండర్‌ది కాదు, వేలిది. పైన ఒక అంగుళం ఆరాక, రంధ్రంలోంచి కారేదాకా ఒక్కసారే పోయాలి, కారింది పారబోయాలి.

ఈనెలు:
వేరుకుళ్లు ఒప్పుకుంటాను గానీ ఆ చిగురాకుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. పసుపు ఏ ఆకుల్లో మొదలైందన్నదే అసలు ప్రశ్న. నత్రజని, మెగ్నీషియం లాంటివి తగ్గితే మొక్క ముసలి ఆకుల్లోంచి లాగి చిగుళ్లకి పంపుకుంటుంది, కాబట్టి ముందు కిందవే పసుపు తిరుగుతాయి. ఇనుము అలా కదలదు, అందుకే అది తగ్గితే కొత్త ఆకులే పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. మీరు చెప్పింది అచ్చంగా ఇదే. ఎప్సం సాల్ట్ అంటే మెగ్నీషియం, దానికీ దీనికీ సంబంధమే లేదు (ఏ మొక్కకి ఏం వచ్చినా ఎప్సం సాల్ట్ అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, మీ మీద కోపం కాదు).

ఇనుము మట్టిలో లేదని కాదు. పీహెచ్ (మట్టి ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) 7 దాటితే ఉన్న ఇనుము కూడా మొక్కకి సరిగా అందదు, నీళ్లలో సున్నం ఎక్కువుంటే కుండీ మట్టి మెల్లగా అటే జరుగుతుంది. పాడైన వేళ్లు కూడా ఇనుము తీసుకోలేవు, కాబట్టి మీ మొక్క రెండు రోగాల్లో ఈ పాలిపోవడం ఆ వేరుకుళ్లు నీడే అయ్యుండొచ్చు. వేళ్లు కుదుటపడ్డాక వచ్చే చిగుళ్లు పచ్చగా ఉంటే వదిలేయండి, అప్పటికీ పాలిపోతే పీహెచ్ చూసుకుని చెలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా తీసుకోగలిగే రూపంలోని ఇనుము) తక్కువ మోతాదులో ఇవ్వండి. తుప్పుపట్టిన మేకులు పాతమని చెప్పేవాళ్లు వస్తారు, వినకండి. వాటితో పువ్వు నీలంగానూ మారదు, నీలానికి కావాల్సింది అల్యూమినియం, పీహెచ్ సుమారు 5.5 కి తగ్గితే అది మొక్కకి అందుతుంది.

చిట్టితోట:
మచ్చల గురించి. చిన్నగా గుండ్రంగా, నడుమ బూడిదరంగు, చుట్టూ ఊదా అంచు ఉంటే సెర్కోస్పోరా ఆకుమచ్చ అనే శిలీంధ్ర తెగులు. మొక్కని చంపేదేం కాదు. కింది ఆకుల్లో మొదలై నీళ్లు చిందినప్పుడు పైకి పాకుతుంది. మచ్చలున్న ఆకులు, రాలినవి ఏరి పారేయండి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొక్క మొదట్లోనే పోయండి. వేపనూనె ఎండలో కొట్టారా? అయితే ఆ మాడు కొంత దానిదే. ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టి చూడండి, కదిలే చుక్కలు రాలితే నల్లి (ఆకుల రసం పీల్చే అతి చిన్న పురుగు), లేకపోతే పురుగు మందుల జోలికి పోవద్దు.

కుండీలపిచ్చి:
పన్నెండు రోజుల తర్వాత వచ్చాను, ఆలస్యానికి సారీ. సగానికి పైగా వేళ్లు మీరన్నట్టే తోలు ఊడి దారాల్లా వచ్చాయి, కత్తిరించేశాను. చిన్న కుండీలో నాటాను. కాగితం మీద ఏమీ రాలలేదు. మొదటి వారం చచ్చిందనే అనుకున్నా, నిన్నటి నుంచి పొద్దున పూట నిటారుగా ఉంటోంది, రెండు కణుపుల దగ్గర చిగుళ్లు. పైన మాత్రం ఎండిన పూలు, మోడుల్లా కొమ్మలు, అసహ్యంగా ఉంది. మొత్తం జానెడు ఎత్తుకి కత్తిరించేస్తే గుబురుగా వస్తుందా?

మట్టిచేతులు:
ఆగండాగండి. గిఫ్టుగా వచ్చే గుండ్రటి పూలగుత్తుల రకం మామూలుగా పాత కొమ్మల మీద పూస్తుంది. పూలు అయిపోయాక కొన్నాళ్లకే వచ్చే ఏటి మొగ్గలు ఆ కొమ్మల్లోనే లోపల తయారవుతాయి, ఇప్పుడు జానెడుకి కోస్తే వచ్చే ఏడు ఆకులే చూసుకుంటూ కూర్చోవాలి. ఎండిన పూలని కింద ఉన్న మొదటి జత మంచి మొగ్గల పైదాకా మాత్రమే తీయండి. కొమ్మ మీద గోటితో గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, వదిలేయండి. గోధుమరంగులో ఎండిపోయి ఉంటే మొదలుకంటా తీసేయొచ్చు.

కుండీలపిచ్చి:
గీకాను. ఆరింట్లో నాలుగు పచ్చగా ఉన్నాయి! పింగాణీ కుండీకి డ్రిల్లింగ్ మెషీన్‌తో రంధ్రం పెడితే పగులుతుందా?

చిట్టితోట:
టైల్స్‌కి వాడే బిట్ పెట్టి, నీళ్లు చల్లుతూ, నెమ్మదిగా. హ్యామర్ మోడ్ ఆపేసి.