‘సహజ న్యాయం’, ‘ప్రకృతి నియమం’, ‘సహజ ధర్మం’: ఏది సరైన మాట?

ప్రశ్న: నీతిశాస్త్రంలో ‘నేచురల్ లా’ (మంచిచెడ్డలకు ఆధారం మనిషి స్వభావంలోనే ఉంది, దానిని బుద్ధితో తెలుసుకోవచ్చు) అనే సిద్ధాంతపు బలాబలాలపై వ్యాసం రాస్తున్నాను. దానిని ‘ప్రకృతి నియమం’ అనాలా, ‘సహజ న్యాయం’ అనాలా? దయచేసి పెద్దలు చెప్పగలరు.

జవాబు: అయ్యా, ఆ రెండు మాటలూ ఇప్పటికే వేరే పనుల్లో కుదురుకున్నవి. ‘ప్రకృతి నియమం’ అనగానే చదువరికి గురుత్వాకర్షణ గుర్తుకు వస్తుంది. రాయి ఆ నియమాన్ని మీరలేదు, మనిషి మాత్రం ఈ సిద్ధాంతం చెప్పే విధిని మీరగలడు, అందుకే అది నీతి అయింది. ‘సహజ న్యాయం’ న్యాయస్థానాల పరిభాష. ఎదుటి పక్షం వాదన వినకుండా తీర్పు చెప్పరాదు, తన వ్యాజ్యానికి తానే తీర్పరి కారాదు అనే విచారణ సూత్రాలకు అది పేరు. నేనైతే ‘సహజ ధర్మం’ అంటాను.

‘ధర్మం’లోని జంట అర్థమే అందుకు కారణం. నిప్పుకు వేడి ధర్మం అన్నప్పుడు అది గుణం. మాట నిలుపుకోవడం మనిషి ధర్మం అన్నప్పుడు అది విధి. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ చేసిన వాదం సరిగ్గా ఈ రెండింటినీ ముడివేస్తుంది. మేలు చేయాలి, కీడు మానాలి అన్నది ఆయన మొదటి సూత్రం కాగా, ప్రాణరక్షణ, సంతానపోషణ, దైవసత్యాన్ని తెలుసుకోవడం, సంఘజీవనం అనే సహజ ప్రవృత్తులు ఆ మేలు ఏమిటో చూపుతాయి.

ఈ ధర్మం ఏ రాజూ, ఏ శాసనసభా చేసినది కాదు కనుక వారి చట్టాలను తూచే తూనికరాయి కాగలదు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో అమెరికా నల్లజాతి హక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ అక్వినాస్‌నే పేర్కొని, శాశ్వత ధర్మంలోనూ సహజ ధర్మంలోనూ వేళ్ళు లేని చట్టం అన్యాయమైనదని వాదించారు. చట్టం చెప్పినదే నీతి అనుకునేవారికి ఆ వాదం చేసే వీలే లేదు.

బలహీనత కూడా ఆ ముడి దగ్గరే ఉంది. రచయితలు ‘ఉన్నది’ గురించి మాట్లాడుతూ, చెప్పాపెట్టకుండా ‘ఉండవలసినది’లోకి జారిపోతారని స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లో ఎత్తిచూపాడు. తెలుగులో ఆ జారుడు మరీ సులువు. ‘ధర్మం’ అనే మాటను మార్చనక్కరలేదు కదా! పైగా ప్రకృతి ఏమంటున్నదో తేల్చేవారి పక్షపాతమే ప్రకృతి నోట పలుకుతుంది: కొందరు స్వభావరీత్యానే బానిసలని అరిస్టాటిల్ రాశాడు. (వ్యాకరణంలో ప్రకృతికి వికృతి ఉంటుంది, ‘రాత్రి’ ‘రాతిరి’ అయినందుకు మనం దానిని తప్పుపట్టము. ‘ప్రకృతివిరుద్ధం’ అని ముద్రపడిన నడవడికి ఈ సిద్ధాంతంలో ఆ మన్నన దక్కదు.)

ఆక్షేపణ: అలాగైతే తికమకపెట్టే మాటనే ఎంచుకోవడం ఎందుకండీ?

జవాబు: ఆ తికమక అనువాదం తెచ్చిపెట్టినది కాదు, సిద్ధాంతంలోనే ఉన్నది. దానిని దాచే మాట కన్నా చూపించే మాట మేలు. అయితే ఈ సిద్ధాంతాన్ని చెప్పే ఆధునికులందరికీ ఈ మాట అతకదు. జీవితం, జ్ఞానం, స్నేహం వంటి 7 మూల శ్రేయస్సులు స్వతస్సిద్ధంగా బోధపడతాయనీ, వాటిని మానవ స్వభావం గురించిన వాస్తవాల నుంచి రాబట్టనక్కరలేదనీ న్యాయతత్త్వవేత్త జాన్ ఫినిస్ 1980లో వాదించారు. హ్యూమ్ ఆక్షేపణ ఆయనకు అంతగా తగలదు. కాని అప్పుడు ‘సహజ’ అనే విశేషణానికి పనేమిటన్న ప్రశ్న మిగులుతుంది. మీ వ్యాసంలో ఆయన ప్రస్తావన వచ్చే చోట ఈ తేడాను ఒక వాక్యంలో విప్పి చెప్పండి.